కొబ్బరికాయ కొట్టినవాడి పేరు

"మావయ్యా, మీతో పాటు ఉద్యోగంలో చేరినవాళ్ళందరూ హెడ్మాస్టర్లయి రిటైరయ్యారు కదా. మీరెందుకు కాలేదు? అమ్మని అడిగితే మిమ్మల్నే అడగమంది."

మీ అమ్మ అడగమందా? నన్నే? సరే. ఆ ఫోను ఆ స్టూలు మీద పెట్టు. రికార్డు చేసుకుంటానంటే చేసుకో, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మధ్యలో మీ నాన్న గురించి వస్తుంది. వింటావా? తర్వాత నన్ను అనకూడదు మరి.

నేను హెడ్మాస్టరు కాకపోవడానికి కారణం ఒక కొబ్బరికాయ. నవ్వుతున్నావు. నవ్వు, ఫర్వాలేదు, నేనూ మొదట్లో నవ్వినవాణ్ణే.

మనది రామచంద్రపురం వైపు కదా. కాలవ కింద పుట్టినవాళ్ళం. నీళ్ళంటే కాలవలో వస్తాయి, ఎండాకాలం కాలవ కట్టేస్తారు, మళ్ళీ వదుల్తారు, అంతవరకే తెలుసు నాకు. పెద్దాపురం దగ్గర హైస్కూల్లో పోస్టింగిచ్చారు. అది మెట్ట. అక్కడ నీళ్ళు అంటే భూమిలో ఎంత లోతున ఉన్నాయి, పక్కవాడికి ఎన్ని అంగుళాలు పడ్డాయి, ఇదే మాట. పెళ్ళిళ్ళలో కూడా అదే మాట. మీ నాన్నది ఆ ఊరే. నేను పనిచేస్తున్న ఊరు గనక మీ అమ్మకి ఆ సంబంధం నేనే చూశాను. ఎవరో తెచ్చింది కాదు, నేనే వెళ్ళి మాట్లాడి కుదిర్చాను. అది కూడా రికార్డవ్వాలి.

ఇది జరిగేనాటికి నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఎనిమిదో నెల... కాదు కాదు, ఏడు వెళ్ళి ఎనిమిది జొరబడింది. మా అమ్మా నాన్నా అప్పటికే పోయారు. అంచేత మీ అమ్మకి పుట్టిల్లంటే నా ఇల్లే. పెద్దాపురంలో రెండు గదుల అద్దె ఇల్లు, నెలకి ఏడొందలు, కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. మీ అత్తయ్య ముందు గది మీ అమ్మకిచ్చి, మేమిద్దరం వంటగదిలో పడుకునేవాళ్ళం.

ఒక శనివారం సాయంత్రం మీ నాన్న స్కూటరు మీద వచ్చాడు. కాఫీ కూడా తాగలేదు. "బావగారూ, రేపు బోరు బండి వస్తోంది. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ఎండలు అయ్యేదాకా దొరకదు. కాయ మీరు కొట్టాలి" అన్నాడు.

నీకు తెలుసో లేదో. కడుపుతో ఉన్న ఆడమనిషి భర్త కొబ్బరికాయ కొట్టకూడదంటారు. భూమి తవ్వకూడదు, పునాది వేయకూడదు. ఇది మన వైపూ ఉంది గానీ, మెట్టలో ఇంకా గట్టి. మీ నాన్నకి తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. మరి బావగారు కొట్టక ఎవరు కొడతారు? నాకది గౌరవంగానే అనిపించింది, అబద్ధమెందుకు. ఆఫీసులో పర్మిషను తీసుకున్నారా అని అడిగాను. అడిగానమ్మా, ఆ మాత్రం తెలుసు నాకు. దరఖాస్తు పెట్టాను, సంతకం ఒక్కటే తరువాయి అన్నాడు. ఆదివారం ఆఫీసు ఉండదు, అందుకే ఆదివారం పెట్టుకున్నాడు అని నాకు తట్టలేదు. నాకు ఆదివారమైతే సెలవు, నా కోసమే అనుకున్నాను.

అప్పటికి ఆ చట్టం కొత్తది. వాల్టా అనేవారు. నీళ్ళు, భూమి, చెట్లు అన్నిటికీ కలిపి ఒకటే చట్టం. బోరు వేయాలంటే ముందు ఎమ్మార్వో ఆఫీసులో అనుమతి ఉండాలి. ఊరి మంచినీళ్ళ బోరుకి రెండొందల యాభై మీటర్ల లోపు వేయకూడదు. బండి వాడికి రిజిస్ట్రేషను ఉండాలి. తప్పితే జరిమానా, తప్పుని బట్టి జైలు. పేపర్లో చదివే ఉంటాను. రోజూ మొదటి అక్షరం నించి చివరి అక్షరం దాకా చదివేవాణ్ణి కదా. చదివినవన్నీ ఎవరికో అనుకుంటాం.

పొలానికి వెళ్ళాను. చిల్లర కొట్లో నాలుగు రూపాయలు పెట్టి కాయ కూడా నేనే కొన్నాను. నీళ్ళు చూసే ఆయన ముందురోజే వచ్చి సున్నంతో ముగ్గులా గుర్తు పెట్టి వెళ్ళాడట. బండి వాళ్ళు తమిళులు, ఆరుగురో ఏడుగురో. ఆ గుర్తు మీదకి బండి ఎక్కించి, రాడ్డుకి పసుపు రాసి, నిమ్మకాయ కట్టి నా వైపు చూశారు. మీ నాన్న ఏం చేశాడంటే, పని జరిగేచోట నేను ఉండనే కూడదండీ అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. నీళ్ళు పడ్డాక కబురు చెయ్యండి, పెద్దాపురంలో ఉంటానన్నాడు. అది కూడా ఆచారమే, తప్పు పట్టడానికి లేదు.

కాయ కొట్టాను. సమానంగా రెండు చెక్కలైంది. మంచి శకునమన్నారు.

అప్పుడు వాళ్ళ మేనేజరు పొడుగాటి పుస్తకం పట్టుకొచ్చాడు. "సార్ పేరు?" అన్నాడు. చెప్పాను. తండ్రి పేరు అన్నాడు, చెప్పాను. పెన్ను ఇచ్చాడు. సంతకం పెట్టాను. చూడమ్మా, ఇరవై ఏళ్ళు హాజరు పట్టీలో పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి పెట్టిన చెయ్యి. ఎవరైనా పుస్తకం చాపితే పెట్టేస్తుంది. ఆ గడి మీద ఇంగ్లీషులో 'పార్టీ' అని ఉంది. చదివాను కూడా. పూజ చేసినవాళ్ళ పేరు రాసుకుంటారు కాబోలు అనుకున్నాను. ఆ తమిళులనీ అనడానికి లేదు. వాళ్ళు నూరు ఊళ్ళు తిరుగుతారు, ఎక్కడైనా కాయ కొట్టేవాడే బోరు యజమాని. భార్య కడుపుతో ఉంటే బావగారు కొడతాడని వాళ్ళకెవరు చెప్తారు?

రోడ్డుకి అవతల పేట. పేట మొదట్లో పంచాయతీ వాళ్ళ మంచినీళ్ళ బోరు, దాని పక్కన సిమెంటు తొట్టె. నేను నించున్నచోటికి కనబడుతూనే ఉంది. నూకరత్నం అని, వాళ్ళబ్బాయి నా దగ్గర తొమ్మిదో తరగతి, ఆవిడ ఆ తొట్టె దగ్గర బిందె తోముకుంటూ నన్ను చూసి నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. ఆ దూరం తర్వాత నేను అడుగులతో కొలిచాను. చట్టం చెప్పినదాంట్లో సగం లేదు.

మధ్యాహ్నం మూడింటికి నీళ్ళు పడ్డాయి. ముందు తెల్లటి పిండి దుమ్ము, తర్వాత బురద, తర్వాత తాటి చెట్టంత ఎత్తు లేచింది. రెండున్నర అంగుళాలన్నారు. మీ నాన్న వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మీ చెయ్యి మంచిది బావగారూ అన్నాడు.

నెల్లాళ్ళకి నువ్వు పుట్టావు. ఇరవయ్యొకటో రోజు బారసాల మా ఇంట్లోనే చేశాం. గంగ పడ్డ వేళ పుట్టింది, గంగాభవాని అనే పెడదామని పళ్ళెంలో బియ్యం మీద మీ నాన్నే రాశాడు. ఆవేళ మోటారు బిగించిన సంగతీ, అరటి వేద్దామా చెరుకు వేద్దామా అన్న సంగతీ పంక్తి పొడుగునా చెప్పాడు. అందరం సంతోషంగానే ఉన్నాం. అప్పటికి పేట బోరు ఇంకా వస్తోంది.

ఆ తర్వాత రెండు నెలలకో, రెండున్నర నెలలకో పేట బోరులో గాలి రావడం మొదలైంది. కొడితే శబ్దమే గానీ నీళ్ళు లేవు. ఆడవాళ్ళందరూ ఖాళీ బిందెలతో ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చున్నారు. ఫోటో పేపర్లో పడింది. నేను స్టాఫ్ రూములో చదివాను. పాపం అనుకున్నాను కూడా. నాలుగో రోజు నాకు నోటీసు వచ్చింది.

బండిని పక్క మండలంలో పట్టుకున్నారట. రిజిస్ట్రేషను లేదు. పుస్తకం స్వాధీనం చేసుకున్నారు. పుస్తకంలో నేనున్నాను. మొదటి ముద్దాయి బండి యజమాని, రెండో ముద్దాయి నేను. నా పేరు, మా నాన్న పేరు, వృత్తి ప్రభుత్వ ఉపాధ్యాయుడు, అన్నీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. పొలం సర్వే నంబరు కూడా ఉంది. మీ నాన్న పేరు మాత్రం ఎక్కడా లేదు.

వెళ్ళి చూపించాను. కంగారు పడకండి బావగారూ, నేను మాట్లాడతాను అన్నాడు. నాకు కావలసింది ఒకటే. వెళ్ళి 'బోరు నాది' అని చెప్పాలి. రెండు మాటలు. ఆ రెండు మాటల కోసం ఒక వారం చూశాను, రెండు వారాలు చూశాను. ఆదివారం ఆదివారం నిన్ను చూడ్డానికి వచ్చేవాడు, నిన్ను ఎత్తుకుని ఆడించి, భోంచేసి వెళ్ళేవాడు. బోరు మాట ఎత్తేవాడు కాదు. బాలింత ఇంట్లో ఉండగా నేనెత్తితే బాగుండదని నేనూ ఎత్తలేదు. చూడు, ఇద్దరం ఎంత మర్యాదస్తులమో.

చివరికి ప్లీడరు గారి దగ్గరికి వెళ్తే ఆయన కేసు కాగితాలు తెప్పించాడు. అందులో మీ నాన్న ఎమ్మార్వోకి ఇచ్చిన వాంగ్మూలం ఉంది. నాకిప్పటికీ నోటికి వచ్చు. "పొలం నాదే. నా భార్య పురిటికి వెళ్ళి ఉంది. బోరు వేసిన రోజు నేను అక్కడ లేను. మా బావగారే దగ్గరుండి పని జరిపించారు. బండి వారి పుస్తకంలో సంతకం కూడా వారిదే."

ఒక్క అబద్ధం లేదమ్మా అందులో. మళ్ళీ మళ్ళీ చదివాను, ఏదైనా దొరుకుతుందేమో అని. పొలం తనదే. భార్య పురిటికి వచ్చిన మాట నిజం. తను లేడు. నేనున్నాను. సంతకం నాది. అబద్ధమాడితే కోపం తెచ్చుకోవచ్చు. ఇదేంటి, దీన్ని ఏమనాలి?

ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని రెండు దారులు చెప్పాడు. కాదని పోరాడితే మీ బావగారిని బోనెక్కించాలి, ఎమ్మార్వోకి సగం చెప్పి సగం దాచాడని రుజువు చేయాలి, అప్పుడు ముద్దాయి ఆయనవుతాడు, జైలు పడినా పడొచ్చు. ఒప్పుకుంటే ఒక పూటలో తేలిపోతుంది, చిన్న కేసు మేష్టారూ అన్నాడు. చిన్న కేసు అనే మాట నమ్మాను నేను. ఆయన ఉద్యోగస్తుడు కాదు, సర్వీసు రూల్సు ఆయనకి తట్టలేదు. నాకు తట్టాలి. తట్టలేదు.

ఆవేళ ఇంటికొచ్చి మీ అత్తయ్యతో వంటగదిలో చెబుతున్నాను. మీ అమ్మ నిన్ను భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. ఎప్పటినించి వింటోందో తెలీదు. ఏడవలేదు. "అన్నయ్యా, ఆయన్ని జైల్లో పెట్టించి నన్ను ఏ ఇంటికి వెళ్ళమంటావు?" అంది.

మీ అత్తయ్య పొయ్యి మీద చారు దింపి, కూర్చో వదినా, ముందు పిల్లకి పాలియ్యి అంది.

కోర్టులో ఒప్పుకున్నాను. కోర్టు లేచేవరకు జైలు, పైన జరిమానా. జైలంటే ఊచలు కాదు. జడ్జి గారు లేచి వెళ్ళేదాకా ఆ హాల్లోనే వెనక గోడ దగ్గర ఉండాలి. అదీ శిక్షే, కాగితం మీద ఖైదు అనే రాస్తారు. పదకొండున్నర నించి అయిదుంపావు దాకా ఉన్నాను. చేతిలో పేపరుంది, చదవకూడదన్నారు. నా తర్వాత పదిహేడు కేసులు పిలిచారు, లెక్కపెట్టుకున్నాను, ఏం చేస్తాను మరి. ఓ కానిస్టేబులు, నా దగ్గర చదువుకున్నవాడే, స్టూలు తీసుకొచ్చి వేశాడు. మంచినీళ్ళు తాగుతారా మేష్టారూ అన్నాడు. వద్దన్నాను.

బండి యజమాని తరఫున ఎవరో ఏజెంటు వచ్చి కట్టాల్సింది కట్టేసి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. మర్నాటికి ఆ బండి ఇంకో ఊళ్ళో ఉందని విన్నాను. మీ నాన్న కోర్టుకి రాలేదు. ఆ రోజు అరటి పిలకలు నాటుతున్నారట.

పేపర్లో నాలుగు లైన్లు వేశారు, లోపలి పేజీలో. 'అక్రమ బోరు: ఉపాధ్యాయుడికి శిక్ష.' పేరు తప్పు లేకుండా వేశారు. మామూలుగా తప్పు వేస్తారు.

తర్వాత డిపార్టుమెంటు నించి మెమో వచ్చింది. ప్రభుత్వోద్యోగి క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకుని శిక్ష పొందినందువల్ల అని మొదలవుతుంది. నేను చేయలేదండీ, కాయ మాత్రం కొట్టానండీ అని రాయడానికి ఎక్కడుంది? కోర్టులో నేనే ఒప్పుకున్నాను కదా. రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. హెడ్మాస్టర్ల లిస్టులో నాది ఆరో పేరు. కొత్త లిస్టు వస్తే అందులో లేదు. నా వెనక చేరినవాడు నాకు హెడ్మాస్టరుగా వచ్చాడు. మంచివాడే, నన్ను సారు అనే పిలిచేవాడు. దాంతో ఇంకా కష్టంగా ఉండేది.

ఇదంతా ఒక ఎత్తు. ఒక రోజు నూకరత్నం స్కూలుకొచ్చింది, వాళ్ళబ్బాయి టీసీ కోసం. సంతకం అయ్యాక వరండాలో ఆగింది.

"ఆ బోరు మీది కాదని నాకు తెలుసండి" అంది. "ఆ రోజు తొట్టె కాడ నేనున్నాను కదండీ. కాయ కొట్టేసి మీరు పక్కకొచ్చి నించున్నారు. ఎవరన్నా అడిగితే చెప్పేదాన్నే. నన్నెవరూ అడగలేదండి."

నేనూ అడగలేదమ్మా. నాకు సాక్షి ఉందని నాకు తట్టనే లేదు. ఆవిడ నాకు నమస్కారం పెట్టింది, నేను తిరిగి పెట్టాను, అయినా తట్టలేదు.

"మీరు ఒప్పేసుకున్నారు, మీ పని అయిపోయింది. మా నీళ్ళ సంగతేంటండి మరి?" అంది. గట్టిగా కూడా అనలేదు.

అది నిజం. బోరుకి సీలు వేశారు, ఇనప మూత పెట్టి లక్క ముద్ర. మూడు నెలలకి ఆ సీలు లేదు. ఎవరు తీశారని అడిగినవాళ్ళు లేరు. ముద్దాయి ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, ఫైలు మూసేశారు. నేను పోరాడి ఉంటే బోరు ఎవరిదో తేలేది, తేలితే మూయించేవారేమో. నా చెల్లెలి కాపురం నిలబెట్టాననుకున్నాను. పేటలో నలభై ఇళ్ళవాళ్ళు ఊరి అవతల చెరువు గట్టు నూతికి నడిచేవాళ్ళు, నడిచినన్నాళ్ళూ దాన్ని మేష్టారి బోరు అనేవాళ్ళు. మీ నాన్న పొలంలో, మీ నాన్న మోటారుతో, మీ నాన్న అరటికి పారే నీళ్ళు. పేరు నాది. క్లాసులో భూగర్భ జలాల పాఠం వస్తే ఆ ఏడాది నించి పిల్లలచేత చదివించేసి ఊరుకునేవాణ్ణి.

ఆగు, ఇంకా ఉంది. అసలైంది చెప్పలేదు.

ఉచిత కరెంటు వచ్చింది. బోరున్న ప్రతి రైతూ కనెక్షను తన పేర రాయించుకోవాలన్నారు. లెక్కలో లేని మోటార్లన్నీ అప్పుడు లెక్కలోకి ఎక్కించారు. ఒక రోజు మీ నాన్న మా ఇంటికొచ్చాడు, అప్పటికి ఏడాది పైనే అయింది ఆయన మా గుమ్మం తొక్కి. మీ అమ్మా వచ్చింది, వీధి అరుగు మీదే కూర్చుంది. నీకు నడక వచ్చింది, మీ అత్తయ్య చెయ్యి పట్టుకుని పెరట్లోకి వెళ్ళావు.

ఆయన సంచీలోంచి స్టాంపు కాగితం తీశాడు. టైపు చేయించాడు. ఫలానా సర్వే నంబరులో ఉన్న బోరు నాదేననీ, నా సొంత ఖర్చుతో నేనే వేయించుకున్నాననీ, దీనిపై ఇతరులెవ్వరికీ హక్కుగాని సంబంధంగాని లేదనీ ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను. కింద ఆయన సంతకం. అదే వాక్యం. ఎమ్మార్వో అడిగినప్పుడు నోట రాని వాక్యం. నాకు శిక్ష పడేముందు రెండు మాటల్లో చెప్తే సరిపోయేది, ఇప్పుడు అయిదు లైన్లలో ఉంది.

"పాత కేసులో మీ పేరుంది కదా బావగారూ. అందుకని సాక్షిగా మీ సంతకం ఉంటే బాగుంటుందన్నారు ఆఫీసులో" అన్నాడు.

ఆ కాగితం పట్టుకుని ప్లీడరు గారి దగ్గరికి పరిగెత్తవచ్చు. అప్పీలుకి గడువు దాటిపోయింది, కానీ ఏదో దారి ఉండేది, ఆయనే తర్వాత అన్నాడు. ఎమ్మార్వోకి చూపించవచ్చు. పేటవాళ్ళకి చూపించవచ్చు. ఇవన్నీ ఆ నిమిషంలోనే తట్టాయి, మొదటిసారి అన్నీ సకాలంలో తట్టాయి నాకు. తల ఎత్తి చూస్తే అరుగు మీద మీ అమ్మ వీపు కనబడుతోంది. ఇటు తిరగలేదు.

"ఈ మాట ఎవరు రాసిచ్చారు బావా?" అన్నాను.

"టైపు అతనేనండి. వాళ్ళ దగ్గర నమూనా ఉంటుంది" అన్నాడు.

ఈసారి గడి మీద ఏముందో చదివాను. 'సాక్షి' అని ఉంది. సంతకం పెట్టాను. మీ నాన్న ఆరిందా లేదా అని వేలితో చూసి, మడత పెట్టుకుని, భోజనానికి ఉండమంటే ఇంకో సాక్షి కోసం వెళ్ళాలని లేచాడు.

అదమ్మా సంగతి. మీ అమ్మ నిన్ను నా దగ్గరికి ఎందుకు పంపిందో... తను చెప్పలేక పంపిందో, నేను చెప్తానో లేదో చూద్దామని పంపిందో. ఏమో. నువ్వు వెళ్ళి అడగకు. మీ నాన్ననీ అడగకు, ఈ వయసులో... లేదు, అడుగు. అడిగితే ఏం చెప్తాడో నాకూ వినాలని ఉంది.

ఇటు రా. తల ఇలా వంచు. నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ. మీ ఇంట్లో ఏ ఆడపిల్లకీ నీ గుమ్మం దగ్గర నించుని, నన్ను ఏ ఇంటికి వెళ్ళమంటావని అడిగే అవసరం రాకూడదు. అంతకన్నా పెద్ద దీవెన నాకు చేతకాదు. ఇంక ఆ ఫోను కట్టెయ్యి, మీ అత్తయ్య అన్నానికి పిలుస్తోంది...